స్లీపర్‌లో సామాను ఎక్కువైందని ఆరు రెట్లు కట్టించుకున్నారు. ఇది న్యాయమేనా?

కృష్ణాతీరం
మా చెల్లెలికి విశాఖ నుంచి హైదరాబాదుకు బదిలీ అయింది. మంచాలు, బీరువా లాంటివి లారీకెత్తించి, వెంటనే అవసరమయ్యేవి మాత్రం మేమిద్దరం స్లీపర్‌లో తెచ్చుకున్నాం. మూడు సూటుకేసులు, రెండు గోనె సంచుల నిండా గిన్నెలు, టేబుల్ టాప్ గ్రైండరు, స్టాండు విప్పేసిన కుట్టుమిషను. దిగిన స్టేషన్లో గేటు దగ్గర టీసీ ఆపి అన్నీ కాటా మీద పెట్టించారు. 130 కిలోలు తూగాయి. ఇద్దరికి 80 కిలోలు ఉచితం, మిగతా 50 కిలోలకు మామూలు లగేజీ రేటుకు ఆరు రెట్లు కట్టాలన్నారు. పదకొండు వందల పైచిలుకు వదిలింది.

రసీదు ఇచ్చారు, కాదనను. కానీ టికెట్ కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు, ఎక్కేటప్పుడు ఎవరూ ఆపలేదు. రాత్రి టికెట్లు చూసిన టీటీఈ ఆ గ్రైండరును దాటుకునే వెళ్లారు. తీరా దిగాక పట్టుకోవడం ఏమిటి? ఈ ఆరు రెట్ల లెక్క ఎక్కడైనా రాసి ఉందా, లేక వాళ్ల నోటిమాటా?

నిద్రపట్టని_స్లీపర్
విమానాల్లో మాదిరిగా తూకాలు పెడతామని 2025 ఆగస్టులో వార్తలొచ్చాయి కదా. ఆ కొత్త నిబంధన మీ మీద పడినట్టుంది.

పాతగార్డు
కొత్తది కాదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. ఆ వార్తలొచ్చినప్పుడు రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూడా ఇవి దశాబ్దాల నాటి నిబంధనలే, కొత్తగా విధించింది ఏమీ లేదని చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో లోక్‌సభకు ఇచ్చిన రాతపూర్వక సమాధానంలో పరిమితులన్నీ మళ్లీ వివరంగా ఉన్నాయి.

సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితం, డబ్బు కట్టి 70 వరకు తీసుకెళ్లవచ్చు. స్లీపర్‌లో ఉచితం 40, గరిష్ఠం 80. సెకండ్ ఏసీకి 50, 100. ఫస్ట్ ఏసీకి 70, 150. థర్డ్ ఏసీ, చైర్ కార్ సంగతి మాత్రం వేరు: 40 ఉచితం, 40యే గరిష్ఠం. డబ్బు కడతామన్నా అంతకుమించి పెట్టెలోకి రానివ్వకూడదు. గరిష్ఠం అన్నప్పుడు ఉచితంగా ఇచ్చేది కూడా అందులో కలిసే ఉంటుంది.

అంటే మీ ఇద్దరికీ కలిపి గరిష్ఠం 160. మీ 130 ఆ లోపలే ఉంది. ఎక్కే ముందు లగేజీ కార్యాలయంలో చూపించి ఉంటే ఆ 50 కిలోలకు ఒకటిన్నర రెట్లతో పోయేది. చూపించకుండా పట్టుబడితే ఆరు రెట్లు, కనీసం 50 రూపాయలు. నోటిమాట కాదు, టారిఫ్ పుస్తకంలో ఉన్నదే.

కృష్ణాతీరం
మరి స్లీపర్‌కు 10 కిలోల మినహాయింపు ఉంటుందని నాతో దిగినాయన గట్టిగా వాదించాడు. ఇద్దరికి 20 తీసేస్తే 30 కిలోలకే కదా వేయాలి?

లెక్కలమాస్టారు
ఆయన విన్నది సగం. ఆ 10 కిలోలు అదనపు ఉచితం కాదు. పొరపాటున కాస్త ఎక్కువైతే కనికరించడానికి పెట్టిన హద్దు. స్లీపర్‌లో 48 కిలోలతో పట్టుబడ్డారనుకోండి, ఆ 8 కిలోలకు ఆరు రెట్లు వేయరు, ఒకటిన్నర రెట్లే వేస్తారు. కానీ హద్దు కూడా దాటితే మినహాయింపు మొత్తంగా పోతుంది. అప్పుడు 40 పైన ఉన్న ప్రతి కిలోకూ ఆరు రెట్లే. ఫస్ట్ ఏసీకి ఆ హద్దు 15 కిలోలు, మిగతా తరగతులకు 10.

మీ లెక్కలో ఇద్దరికి హద్దు 100. మీరు 130. కాబట్టి 50 కిలోలకూ వేయడం సరైనదే.

తేడా ఎంతో తెలియడానికి 2018లో పత్రికల్లో వచ్చిన ఉదాహరణ చూడండి. స్లీపర్‌లో 80 కిలోలతో 500 కిలోమీటర్లు వెళ్లే ఒక ప్రయాణికుడు అదనపు 40 కిలోలను ముందే బుక్ చేసి లగేజీ వ్యానులో వేయిస్తే 109 రూపాయలు. బుక్ చేయకుండా దొరికితే 654.

హాస్టల్_బియ్యం
109కి ఒకటిన్నర రెట్లా, ఆరు రెట్లా? నాకు కుదరడం లేదు.

లెక్కలమాస్టారు
109ని ఆరుతో గుణిస్తే 654. అంటే ఆ ఉదాహరణలో 109 మూలరేటు. దాన్నే తీసుకుని ఒకటిన్నర రెట్లు కడితే 163 రూపాయల 50 పైసలు. అదీ 654లో నాలుగో వంతే. బరువు తక్కువైనా కనీసం 10 కిలోలకు, దూరం తక్కువైనా కనీసం 50 కిలోమీటర్లకు లెక్క కడతారు. అందుకే చిన్న దూరాలకు, చిన్న బరువులకు లెక్క వేసుకున్న దానికంటే కాస్త ఎక్కువే పడుతుంది.

వేపచెట్టు
కృష్ణాతీరం గారూ, డబ్బు పోయిన బాధ అర్థమైంది. ఆ గ్రైండరు, గోనె సంచులు రాత్రంతా ఎక్కడ ఉన్నాయి? నా అనుభవంలో అవి కింది బెర్తుల మధ్య నడిచే దారిలో ఉంటాయి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి. మొన్న మరుగుదొడ్డికి వెళ్లిరావడానికి ఎవరివో మూడు బస్తాలు ఎక్కి దిగాల్సి వచ్చింది. బస్తాలవాళ్లు పైబెర్తు మీద హాయిగా నిద్రపోతున్నారు. ఈ ఆరు రెట్లు ప్రతి స్టేషన్లోనూ గట్టిగా వేస్తే తప్ప ఈ బాధ తీరదు.

కృష్ణాతీరం
మా సామాను మా బెర్తుల కింద, మా కాళ్ల దగ్గరే ఉంది. ఎవరికీ అడ్డం పెట్టలేదు. బస్తాలు వేసుకుని వ్యాపారం చేసేవాళ్లనూ, ఇల్లు మారుతున్న ఆడవాళ్లనూ ఒకే గాటన కట్టకండి.

గోదారి_గాలి
వేపచెట్టు గారి మాటలో న్యాయం ఉంది, కానీ గురి తప్పింది. దుకాణం సరుకును సొంత సామానుగా పెట్టెలో తీసుకెళ్లడానికి అసలు వీలే లేదు, అది తూకానికి సంబంధించిన విషయమే కాదు. ఆ బస్తాల బేరగాళ్లు వారం వారం అదే రైల్లో అదే పెట్టెలో వెళ్తారు. వాళ్లను కాటా ఎక్కించడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడో ఒకసారి ఇల్లు మారేవాళ్లు మాత్రం గేటు దగ్గర దొరికిపోతారు.

చివరిబోగీ
జనరల్ పెట్టెలో అయితే కాటా పెట్టడానికే చోటుండదు.

హాస్టల్_బియ్యం
నా గోడు కూడా వినండి. ప్రతి సెలవుల తర్వాతా ఇంటి నుంచి 26 కిలోల బియ్యం బస్తా ఒకటి తెచ్చుకుంటాం, గదిలో నలుగురం వండుకుంటాం. జనరల్‌లో 35 కిలోలంటే బస్తా పోగా నాకు మిగిలేది 9 కిలోలు. పుస్తకాల సంచే అంతకంటే ఎక్కువ. ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు, ఈ చర్చ చదివాక భయం పట్టుకుంది.

పాతగార్డు
భయమెందుకు? 45 దాటనంతవరకు మీకు ఆరు రెట్ల గొడవే లేదు. బస్తా 26, మీ సంచీ బట్టలు కలిపి 19 లోపు ఉంచుకోండి. ముందే చూపించి కట్టేస్తే అసలు చింతే ఉండదు. లగేజీకి కనీస రుసుమే 30 రూపాయలు.

నిద్రపట్టని_స్లీపర్
ముందే చూపించడం అంటున్నారు, ఎక్కడ చూపించాలి? మా ఊరి స్టేషన్లో రైలు రెండు నిమిషాలు ఆగుతుంది. బుకింగ్ కిటికీ దగ్గర ఒకే ఒక మనిషి. ఆయన టికెట్లు ఇవ్వాలా, నా సూటుకేసు తూచాలా?

పాతగార్డు
ఇది మంచి ప్రశ్న, దీని దగ్గరే అసలు చిక్కు. రైలు బయలుదేరే సమయానికి కనీసం అరగంట ముందు లగేజీ కార్యాలయంలో సామాను ఇవ్వాలని నిబంధన. పెద్ద స్టేషన్లలో పార్సిల్ కార్యాలయం, లగేజీ కార్యాలయం ఉంటాయి కాబట్టి సరిపోతుంది. చిన్న స్టేషన్లో రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది, బ్రేకు వ్యాను (గార్డు, లగేజీ ఉండే పెట్టె) తలుపు తీసి, సామాను ఎక్కించి, మళ్లీ వేయడానికి ఆ సమయం చాలదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్రేకు వ్యానులో చోటు మొత్తం ప్రయాణికుల సామానుకే ఉండదు. కొంత భాగాన్ని టెండరు మీద ప్రైవేటు పార్సిల్ కంపెనీలకు లీజుకిస్తారు. అందుకే కొన్ని రైళ్లలో మీరు ముందే వెళ్లినా ఖాళీ లేదంటారు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే ఉండదు. వందేభారత్‌లో అయితే సామాను వ్యానే లేదు.

కృష్ణాతీరం
అంటే నేను ముందే వెళ్లినా తీసుకోకపోవచ్చు, తీసుకోలేదని వెంట పెట్టుకుంటే ఆరు రెట్లు. అంతేనా?

పాతగార్డు
కాదు. వ్యానులో వేయడం ఒకటి, రుసుము కట్టి పెట్టెలో వెంట ఉంచుకోవడం ఇంకొకటి. వ్యానులో చోటు లేకపోయినా, గరిష్ఠం లోపల ఉండి, కొలతలు కూడా సరిపోతే డబ్బు కట్టి రసీదుతో మీ బెర్తు కిందే పెట్టుకోవచ్చు.

లెక్కలమాస్టారు
ఆ కొలతల దగ్గరే గ్రైండరు చిక్కుకుంటుంది. పెట్టెలోకి తెచ్చే సూటుకేసు, ట్రంకు ఏదైనా 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదు. థర్డ్ ఏసీ, చైర్ కార్‌లో ఇంకా చిన్నవి: 55, 45, 22.5. ఇంట్లో టేపు పెట్టి చూడండి, టేబుల్ టాప్ గ్రైండరు ఎటు పడుకోబెట్టినా 25 లోపలికి రాదు. అలాంటివి బ్రేకు వ్యానులోనే వెళ్లాలి.

వేపచెట్టు
ఇదే నేను చెప్పేది.

కృష్ణాతీరం
సరే, గ్రైండరు విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఒక్కటి చెప్పండి. స్టేషన్లో అడుగడుగునా ప్రకటనల బోర్డులున్నాయి. "40 కిలోలు దాటితే ముందే కట్టండి, తర్వాత దొరికితే ఆరు రెట్లు" అని పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క బోర్డు పెట్టడానికి ఏమి కష్టం? మా చెల్లెలు టికెట్ మీద సన్న అక్షరాలన్నీ చదివే మనిషి. ఆమెకే తెలియదు.

ఆవకాయజాడీ
నిజం. ఎండాకాలం సెలవులు అయ్యాక కోస్తా నుంచి వెళ్లే ఏ రైలెక్కినా ఆవకాయ జాడీలు, మాగాయ డబ్బాలే. నాకు ఎవరైనా చెప్పండి, పచ్చళ్లకు ప్రత్యేకంగా ఏమైనా నిషేధం ఉందా? మా బంధువు నూనె పదార్థాలు రైల్లో పనికిరావంటాడు.

వాదప్రతివాది
పచ్చడి అని పేరు పెట్టి నిషేధం లేదు. నూనె, నెయ్యి, గ్రీజు లాంటివి కారి పక్కవాళ్ల సామాను పాడుచేసేలా ఉంటే కుదరదు. కాబట్టి జాడీ మూతకు గుడ్డ కట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, నిలువుగా డబ్బాలో పెట్టండి. బరువు మాత్రం మీ 40 కిలోల్లోనే కలుస్తుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. గ్యాస్ సిలిండరు, స్టవ్వు, కిరోసిన్, పెట్రోలు, బాణసంచా, యాసిడ్. ఇల్లు మారేవాళ్లు ఖాళీ సిలిండరే కదా అని సంచిలో పెట్టేస్తారు. ఖాళీది కూడా కుదరదు. రోగి వెంట వైద్యుడి ధ్రువపత్రంతో వెళ్లే ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే మినహాయింపు. 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర వస్తువులు అక్రమంగా తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిగిన నష్టం కూడా భరించాలి. దుర్వాసన వచ్చేవాటికి 165వ సెక్షన్, 500 దాకా జరిమానా.

చివరిబోగీ
ఎండుచేపల బుట్టతో ఎక్కేవాళ్లకు ఆ 165 ఎవరైనా చదివి వినిపించండి. మా బోగీ అంతా రుణపడి ఉంటుంది.

ఆవకాయజాడీ
ఎండుచేపలు బాగా కడితే వాసన రాదు! మా ఊళ్లో తాటాకు బుట్టలో వేసి పైన రెండు పొరల గోనె కుడతారు.

టామీ_నాన్న
కుక్కను తీసుకెళ్లడం గురించి ఎవరైనా చెప్పగలరా? మాది చిన్నజాతి, ఏడు కిలోలు కూడా ఉండదు. సెకండ్ ఏసీలో ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోవచ్చని ఒకరన్నారు.

పాతగార్డు
కుదరదు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున ఉంటేనే వెంట ఉంచుకోవచ్చు, దానికీ పార్సిల్ కార్యాలయంలో బుక్ చేయాలి. టీకాలు వేయించిన పత్రం దగ్గర పెట్టుకోండి. మిగతా తరగతుల్లో ప్రయాణం చేస్తే కుక్క బ్రేకు వ్యానులోని గూట్లో రావాలి. బుక్ చేయకుండా పెట్టెలో దొరికితే దానికీ ఆరు రెట్లే.

ఒక గార్డుగా నా సలహా: ఎండాకాలంలో ఆ గూట్లో వేయకండి. నీళ్ల గిన్నె, మెత్తని గుడ్డ పెట్టి, రైలు ఎక్కువసేపు ఆగే చోట యజమానే వచ్చి చూసుకోవాలి. రాకపోతే గుండె తరుక్కుపోయేలా అరుస్తాయి. కొన్ని రైళ్లలో రాత్రంతా ఆ అరుపులు వింటూ పనిచేశాను.

టామీ_నాన్న
ఈ మాట చాలు. కారులోనే తీసుకెళ్తాను.

బుల్లెట్_బాబు
నా బండి కథ. బెంగళూరు నుంచి విజయవాడకు మోటారు సైకిలు పంపాను. నేనూ అదే రైల్లో వస్తున్నాను కాబట్టి లగేజీ కింద తీసుకున్నారు. ఉచిత కిలోలు బండికి వర్తించవు, మొత్తం బరువుకూ రుసుము పడింది. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు అడిగారు. పెట్రోలు ట్యాంకు చుక్క లేకుండా ఖాళీ చేయించారు. బయట ప్యాకింగ్ చేసేవాళ్లు గడ్డి, గోనెపట్టా చుట్టి, అట్టముక్క మీద పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసి కట్టారు. దిగి చూస్తే బండి లేదు! మరుసటి రోజు వేరే రైల్లో వచ్చింది. అద్దం విరిగి, ఇండికేటరు వేలాడుతోంది.

గోదారి_గాలి
అద్దాలు ముందే విప్పి సంచిలో పెట్టుకోవాలి. హ్యాండిల్ బారు పట్టుకుని పడుకోబెట్టి లాగేస్తారు.

కృష్ణాతీరం
బుల్లెట్_బాబు గారూ, నష్టపరిహారం అడిగారా? మా మరిది బండి కూడా తెప్పించాలి, అందుకే అడుగుతున్నాను.

బుల్లెట్_బాబు
అడిగాను. విలువ ప్రకటించారా అని తిరిగి అడిగారు. ఆ పదమే అప్పుడు మొదటిసారి విన్నాను.

వాదప్రతివాది
ఇది అందరూ కాస్త ఓపికగా చదవండి, డబ్బు సంగతి.

మీరు వెంట పెట్టుకున్న సామాను పోతే రైల్వేకు బాధ్యత దాదాపు లేనట్టే. చట్టం 100వ సెక్షన్ ఏమంటుందంటే, సిబ్బంది బుక్ చేసి రసీదు ఇస్తేనే బాధ్యత. మీ దగ్గరే ఉన్నదైతే రైల్వే నిర్లక్ష్యం వల్లో, సిబ్బంది దుష్ప్రవర్తన వల్లో పోయిందని మీరే రుజువు చేయాలి. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు రైల్లో పోయాయని ఒక ప్రయాణికుడు వినియోగదారుల ఫోరంలో గెలిచాడు. ప్రయాణికుడు తన సొమ్మును తానే కాపాడుకోలేకపోతే అది రైల్వే సేవాలోపం కాదని సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది.

బుక్ చేసినదానికి బాధ్యత ఉంది, కానీ దానికీ ఒక కప్పు ఉంది. విలువ ప్రకటించకపోతే లగేజీకి కిలోకు 100 రూపాయలు, పార్సిల్ సరుకుకు కిలోకు 50 రూపాయలు, అంతవరకే. 150 కిలోల బండి పార్సిల్‌లో మొత్తంగా మాయమైనా 7,500 దాటదు. బుక్ చేసేటప్పుడే అసలు విలువ రాసి, దానికి అదనపు శాతం రుసుము కడితే ఆ విలువ వరకు అడగవచ్చు. ఫారంలో ఆ గడి ఉంటుంది. ఎక్కువమంది ఖాళీగా వదిలేస్తారు, గుమాస్తా కూడా అడగడు.

బుల్లెట్_బాబు
7,500! బండి టైర్లకే అంతవుతుంది. ఈ సంగతి ఫారం మీద ఎర్ర అక్షరాల్లో అచ్చు వేయాలి.

వాదప్రతివాది
ఇంకొకటి. సరుకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల లోపల రాతపూర్వకంగా క్లెయిము నోటీసు ఇవ్వాలి. 106వ సెక్షన్. అది తప్పితే ఎంత న్యాయం ఉన్నా కేసు నిలవదు. తర్వాత రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, మనకు సికింద్రాబాదులో బెంచి ఉంది. అక్కడికి వెళ్లడానికి మూడేళ్ల గడువు. దెబ్బతిన్న సరుకు తీసుకునేటప్పుడు అక్కడే చూపించి, నష్టం ఎంతో రాయించుకుని సంతకం పెట్టండి. ఇంటికి తీసుకొచ్చి కట్లు విప్పాక చూశామంటే ఎవరూ వినరు.

లెక్కలమాస్టారు
దీనితో పాటు వార్ఫేజ్, అంటే ఆలస్య రుసుము సంగతి. సరుకు దిగాక నిర్ణీత గంటల లోపల విడిపించుకోకపోతే గంటల లెక్కన పడుతుంది. బండి వచ్చిందని మనకు ఫోను చేసి చెప్పేవాళ్లు ఉండరు. రసీదు సంఖ్యతో పార్సిల్ వెబ్‌సైటులో చూసుకుంటూ ఉండాలి, లేదా 139కి ఫోను చేయాలి.

నిద్రపట్టని_స్లీపర్
ఇవన్నీ చదివాక లారీవాడే నయమనిపిస్తోంది. ఇంటికొచ్చి తీసుకెళ్తాడు, ఇంటి ముందు దించుతాడు.

మిర్చిఘాటు
చిన్న సామానుకు మీ మాట నిజమే. బరువు పెరిగేకొద్దీ మాట మారుతుంది. మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. 2020 జూలైలో గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలు వేశారు. రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 అయ్యేది రైల్లో 4,608 అయింది. 384 టన్నుల ఎండుమిర్చి ఒక్క రైల్లో వెళ్లింది. అంతకుముందు గూడ్సులో పంపాలంటే చిన్న రైతుల వల్ల అయ్యేది కాదు. వ్యాగన్ల వరస మొత్తం నింపాలి, ఒక్కో రైలుకు 1,500 టన్నులకు తక్కువ కాకుండా కావాలి. పార్సిల్ రైలు అయ్యేసరికి కొద్ది కొద్దిగా కలిపి పంపగలిగారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు కిసాన్ రైలు పండ్లు, కూరగాయలతో వెళ్లింది. అప్పట్లో రవాణా ఛార్జీలో సగం సబ్సిడీ ఇచ్చారు.

గోదారి_గాలి
రేణిగుంట నుంచి ఢిల్లీకి పాలు మోసిన దూద్ దురంతో కూడా అప్పటిదే, లాక్‌డౌన్ మొదటి రోజుల్లో.

వేపచెట్టు
సరుకులవాళ్లకు ఇన్ని సదుపాయాలున్నప్పుడు బస్తాలు మా కాళ్ల మధ్యకు ఎందుకు తెస్తారు?

మిర్చిఘాటు
తెచ్చేది మాలాంటివాళ్లు కాదండీ. రెండు బస్తాల గాజులో, చీరలో అమ్ముకుని బతికే చిరు బేరగాళ్లు. పార్సిల్ కార్యాలయానికి వెళ్తే హమాలీ, ప్యాకింగ్, రెండు రోజుల ఎదురుచూపు. వెంట తెచ్చుకుంటే సాయంత్రానికి సరుకు అమ్ముడైపోతుంది. వాళ్లను సమర్థించడం లేదు. పొద్దున ఇచ్చిన పార్సిల్ అదే రైల్లో తప్పక ఎక్కుతుందన్న భరోసా ఉంటే సగంమంది పెట్టెలోకి తీసుకురారు.

ఇంకో మాట కూడా చెబుతాను. మీ టికెట్ చౌకగా ఉండడానికి మా సరుకు ఛార్జీ ఒక కారణం. ప్రయాణికుడి మీద 100 రూపాయలు ఖర్చయితే తీసుకునేది 54 రూపాయలేనని రైల్వే మంత్రి 2024లో చెప్పారు. ఆ లోటులో పెద్ద భాగం పూడ్చేది బొగ్గు, సిమెంటు, ఎరువులు, ధాన్యం మీద వచ్చే డబ్బే.

చివరిబోగీ
54 రూపాయలకు నాకు దొరికేది మరుగుదొడ్డి తలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడే చోటు. మిగతా 46 రూపాయల సుఖం ఏ బోగీలో ఉందో చూపిస్తే వెళ్లి కూర్చుంటాను.

హాస్టల్_బియ్యం
చిన్న సందేహం. మా అక్క పిల్లలు ఇద్దరు, ఒకడికి ఏడు, ఒకడికి మూడు. వాళ్ల పేరు మీద కిలోలు వస్తాయా?

లెక్కలమాస్టారు
అయిదు నిండి పన్నెండు నిండనివారికి పెద్దవాళ్ల ఉచితంలో సగం. స్లీపర్‌లో 20 కిలోలు. మూడేళ్లవాడికి టికెట్ లేదు కాబట్టి కిలోలూ లేవు. ఏడేళ్లవాడికి బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ 21 నుంచి పూర్తి ఛార్జీ, బెర్తు వద్దంటే సగం.

కృష్ణాతీరం
అందరి మాటలూ మళ్లీ చదివాను. టీసీ తప్పు చేయలేదని ఒప్పుకుంటున్నాను, లెక్క సరిగ్గానే వేశారు. నా కోపం ఇంకా తగ్గలేదు, అది వేరే చోటికి మళ్లింది. ఎక్కే చోట కాటా లేదు, బోర్డు లేదు, అడిగితే చెప్పే మనిషి లేడు. దిగే చోట మాత్రం అన్నీ ఉన్నాయి. ముందు కట్టించుకుంటే మూడువందల లోపు వచ్చేది, తర్వాత పట్టుకుంటే పదకొండు వందలు. ఎక్కే చోట చెప్పాలన్న ఆత్రం వాళ్లకెందుకుంటుంది? డివిజనల్ మేనేజరుకు ఉత్తరం రాస్తున్నాను. రిజర్వేషన్ కిటికీ దగ్గర తెలుగులో బోర్డు, ప్రవేశ ద్వారం దగ్గర ఎవరైనా తూచుకోవడానికి ఒక కాటా. ఈ రెండే అడుగుతాను.

పాతగార్డు
బాగుంది. టీసీ ఇచ్చిన ఈఎఫ్‌టీ (అదనపు ఛార్జీ టికెట్) రసీదు నకలు జత చేయండి, దాని మీద తేదీ, రైలు నంబరు, బరువు అన్నీ ఉంటాయి. రైల్వే ఫిర్యాదుల వెబ్‌సైటు రైల్ మదద్‌లో కూడా పెట్టండి, ఫిర్యాదు సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ఉత్తరంలో రాస్తే కింద అధికారులు పక్కన పడేయలేరు. ఫిర్యాదు అని కాకుండా సూచన అని రాయండి. ఫిర్యాదు అయితే టీసీ సంజాయిషీతో ముగించేస్తారు.

వేపచెట్టు
ఆ ఉత్తరంలో బస్తాల మాట కూడా ఒక వాక్యం చేర్చండి. మా ఇంట్లోవాళ్ల పేర్లూ సంతకాలూ నేను పంపిస్తాను.

కృష్ణాతీరం
తప్పకుండా. పంపించండి.

కొత్తకాపురం
ఆలస్యంగా చూశాను. మాది 190 లీటర్ల ఫ్రిజ్, ఖమ్మం నుంచి తిరుపతికి తీసుకెళ్లాలి. బరువు 35 కిలోలే. స్లీపర్‌లో 40 వరకు ఉచితం కదా, పెట్టెలోకి తెచ్చేయవచ్చా?

లెక్కలమాస్టారు
వద్దు. పైన చెప్పిన 100, 60, 25 కొలత గుర్తుంచుకోండి, ఫ్రిజ్ తలుపులోంచి రావడమే కష్టం. బ్రేకు వ్యానులో వేసినా అది స్థూల వస్తువు కింద లెక్క. 100 కిలోలు దాటినా, మీటరు పొడవు, మీటరు వెడల్పు, 0.7 మీటరు ఎత్తు దాటినా రెట్టింపు రేటు. ఒక్క కొలతలో పది శాతం వరకు ఎక్కువైతే పట్టించుకోరు. ముందు ఫ్రిజ్ ఎత్తు టేపుతో కొలిచి ఇక్కడ రాయండి.

కొత్తకాపురం
118 సెంటీమీటర్లు.

లెక్కలమాస్టారు
పడుకోబెట్టి పొడవుగా లెక్కేసినా 110 దాటింది. రెట్టింపు పడుతుంది. విలువ గడి నింపడం మరిచిపోకండి.